మెవ్లెవీ సెమాను మొదటి నుంచి చివరి దాకా అనుసరించడం ఎలా: సన్నాహం, క్రమం, పొరపాట్లు, దిద్దుబాట్లు

తుర్కియే వెళ్లి వచ్చిన తెలుగువారి నుంచీ, వీడియోల్లో మెవ్లెవీ దర్వేషులను, అంటే సూఫీ కవి రూమీ మార్గాన్ని అనుసరించే సాధకులను, చూసినవారి నుంచీ ఒకే ప్రశ్న పదేపదే వస్తోంది. తెల్లని దుస్తుల్లో వారు తిరుగుతుంటే కళ్లప్పగించి చూశాం గానీ ఏది ఎందుకు జరుగుతోందో తెలియలేదు, సక్రమంగా చూడాలంటే ఏం చేయాలి అని అడుగుతున్నారు. కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, ఇంట్లో తామే తిరగడం అభ్యసించవచ్చా అని కూడా అడుగుతున్నారు. ఈ రెండింటికీ సమాధానం ఇక్కడ ఉంది.

ఒక్క మాట ముందే చెప్పాలి. సెమా, అంటే వారు తిరుగుతూ చేసే ఈ క్రతువు, కంటి కంటే ముందు చెవికి చేరవలసిన ఆరాధన. పాడే ఫారసీ కవిత, తాళం, మౌనం అనే మూడూ కలిసి శరీరాన్ని తిప్పుతాయి. వినడం నేర్చుకోకుండా చూడటానికి వెళ్లినవారికి చక్కగా విచ్చుకున్న తెల్లని దుస్తులు మాత్రమే గుర్తుంటాయి. అందుకే ఈ మార్గదర్శిలో సన్నాహానికి ఎక్కువ చోటు ఇచ్చాను.

1. మీరు చూడబోయేది పూర్తి క్రతువో కాదో తేల్చుకోండి

సెమా పేరుతో జరిగే కార్యక్రమాలన్నీ ఒకటి కావు. తుర్కియేలో 1925 నాటి చట్టం దర్వేషుల ఆశ్రమాలను మూసివేసింది. తరువాతి దశాబ్దాల్లో సెమా సాంస్కృతిక కార్యక్రమంగానే బహిరంగ వేదికలకు తిరిగి వచ్చింది. అందువల్ల నేడు ఒకే నగరంలో గంటకు పైగా సాగే పూర్తి క్రతువూ, పర్యాటకుల కోసం పావుగంటకు కుదించిన ప్రదర్శనా పక్కపక్కనే కనిపిస్తాయి. యునెస్కో 2008లో తన ప్రాతినిధ్య జాబితాలో మెవ్లెవీ సెమాను చేర్చినప్పుడు కూడా, వాణిజ్య అవసరాల కోసం దాన్ని కుదిస్తున్నారన్న సంగతిని ప్రస్తావించింది.

టికెట్ కొనే ముందు ఈ ప్రశ్నలు అడగండి.

☐ నాత్, అంటే ప్రవక్త స్తుతి, గానంతో మొదలవుతుందా?
☐ నాలుగు సెలామ్‌లూ, అంటే తిరగడంలోని నాలుగు భాగాలూ, ఉంటాయా?
☐ వాద్యకారులు స్వయంగా కూర్చుని వాయిస్తారా, లేక రికార్డింగ్ వేస్తారా?
☐ ఖురాన్ పఠనంతో, ప్రార్థనతో ముగుస్తుందా?
☐ కార్యక్రమం జరుగుతుండగా భోజనం, పానీయాలు వడ్డిస్తారా?

చివరి ప్రశ్నకు అవునని జవాబు వస్తే ఆ టికెట్ కొనకండి. మిగతా నాలుగింటిలో ఏ ఒక్కదానికైనా లేదని చెబితే, మీరు చూసేది క్రతువులోని ఒక ముక్క మాత్రమేనని గుర్తుంచుకోండి.

జలాలుద్దీన్ రూమీ 1273 డిసెంబరు 17న కొన్యా నగరంలో మరణించారు. ఆ రాత్రిని ఆయన అనుయాయులు షెబ్-ఇ-అరూస్, అంటే పెళ్లిరాత్రి అని పిలుస్తారు. ఏటా డిసెంబరు 7 నుంచి 17 వరకు కొన్యాలోని మెవ్లానా సాంస్కృతిక కేంద్రంలో పూర్తి క్రతువు జరుగుతుంది. ఇస్తాంబుల్‌లో 1491లో స్థాపించిన గలాతా మెవ్లెవీ ఆశ్రమం ఇప్పుడు మ్యూజియంగా ఉంది. అక్కడి సెమాహానె, అంటే సెమా జరిగే మందిరం, ఎలా కట్టి ఉంటుందో ముందుగా ఒకసారి చూసి రావడం మంచిది.

హైదరాబాదు దర్గాల్లో కవ్వాలీ విన్నవారు ఒక తేడాను గమనించాలి. చిష్తీ సూఫీ సంప్రదాయపు సమాలో, అంటే కవ్వాలీ సభలో, ఎవరికైనా పరవశం కలిగితే లేచి నిలబడతారు, కవ్వాలులు అదే చరణాన్ని ఆ పరవశం తీరేదాకా మళ్లీ మళ్లీ పాడుతారు. మెవ్లెవీ సెమాలో అలాంటి ఆకస్మికతకు చోటు లేదు. ఎవరు ఎప్పుడు లేవాలో, ఏ పాదం ముందు వేయాలో అన్నీ నిర్ణీతమే.

2. కవితతో మొదలుపెట్టండి

కనీసం రెండు వారాల ముందు నుంచి రోజుకు పావుగంట చొప్పున ఈ సన్నాహం చేయండి. ఫారసీ రాకపోయినా ఫరవాలేదు, ధ్వని చెవికి పట్టడమే ముఖ్యం.

మొదటి అడుగు: మస్నవీ ప్రారంభంలోని 18 ద్విపదలు. ఆరు సంపుటాలుగా, సుమారు 25,000 ద్విపదలుగా ఉన్న ఈ కావ్యంలో అధిక భాగాన్ని రూమీ చెబుతుండగా శిష్యుడు హుసాముద్దీన్ చెలెబీ రాసుకున్నారు. మొదటి 18 ద్విపదలను మాత్రం రూమీ స్వయంగా రాశారని సంప్రదాయం చెబుతుంది. మొదటి ద్విపద ఇది:

బిష్నవ్ ఈన్ నేయ్ చూన్ షికాయత్ మీకునద్
అజ్ జుదాయీహా హికాయత్ మీకునద్

ఈ రెల్లు వేణువు ఎలా మొరపెట్టుకుంటోందో విను, అది ఎడబాట్ల కథ చెబుతోంది అని దీని భావం. షికాయత్, జుదాయీ వంటి మాటలు ఉర్దూ వినే చెవికి కొత్తవి కావు కాబట్టి, తెలంగాణలో పెరిగిన పాఠకులకు ఈ పంక్తి చాలా త్వరగా నోటికి వస్తుంది. కొన్ని ముద్రణల్లో షికాయత్, హికాయత్ అనే మాటలు స్థానాలు మారి ఉంటాయి. కొన్యాలో భద్రపరచిన 1278 నాటి రాతప్రతి పాఠం పైన ఇచ్చినదే.

రెండవ అడుగు: ఛందస్సు పట్టుకోవడం. తెలుగు పద్యం చదివినవారికి ఇది కష్టం కాదు. బిష్-న-వీన్-నేయ్, చూన్-షి-కా-యత్, మీ-కు-నద్ అని విడదీస్తే గురు లఘు గురు గురు, గురు లఘు గురు గురు, గురు లఘు గురు అని వస్తుంది. మాత్రలు లెక్కిస్తే 7, 7, 5. తొడ మీద తాళం వేసుకుంటూ, దీర్ఘాలను నిజంగా దీర్ఘాలుగానే పలుకుతూ చదవండి. ఆరు సంపుటాలూ ఈ ఒక్క నడకలోనే సాగుతాయి కాబట్టి ఇక్కడ పెట్టిన శ్రమ ఎక్కడా వృథా పోదు.

మూడవ అడుగు: సెమాలో మీరు తప్పకుండా వినబోయే ఒక చతుష్పది. రెండవ సెలామ్‌లోనూ, నాలుగవ సెలామ్‌లోనూ దీన్ని పాడటం ఆనవాయితీ.

సుల్తానె మనీ, సుల్తానె మనీ
అందర్ దిలొ జాన్ ఈమానె మనీ
దర్ మన్ బిదమీ, మన్ జిందె షవమ్
యక్ జాన్ చె షవద్, సద్ జానె మనీ

నా సుల్తానువు నీవే, నా హృదయంలో, ప్రాణంలో ఉన్న విశ్వాసానివి నీవే, నాలోకి ఊపిరి ఊదితే నేను బతుకుతాను, ఒక ప్రాణం ఏపాటిది, నా నూరు ప్రాణాలూ నీవే అని తాత్పర్యం. దీన్ని కంఠస్థం చేయండి. మందిరంలో ఈ పంక్తి వినిపించిన క్షణంలో మీరు క్రతువులో ఏ దశలో ఉన్నారో తెలిసిపోతుంది. అపరిచితమైన గంటసేపటి సంగీతంలో పట్టుకోవడానికి దొరికే కొమ్మ ఇదే.

అనువాదాలు చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. అంతర్జాలంలో రూమీ పేరుతో తిరిగే చిన్న చిన్న వాక్యాల్లో ఎన్నో ఆయనవి కావు. "రా, రా, నీవెవరివైనా సరే రా" అనే ప్రసిద్ధ చతుష్పది సైతం, రూమీకి పూర్వుడైన అబూ సయీద్ అబుల్ ఖైర్ పేర ప్రచారంలో ఉన్నదే. సంపుటం సంఖ్య, ద్విపద సంఖ్య ఇచ్చే అనువాదాన్ని ఎంచుకోండి. ప్రవక్త, ఖురాన్ ప్రస్తావనలను తీసివేసి కేవలం ప్రేమకవిత్వంగా మార్చిన రూపాలు చదివి వెళితే, సెమాలో వినిపించే నాత్, పఠనం మీకు అసందర్భంగా తోస్తాయి. ఆ పొరపాటు మీది కాదు, చదివిన పాఠానిది.

3. చెవిని సిద్ధం చేసుకోండి

వాద్యబృందాన్ని మిత్రిప్ అంటారు. అందులో నేయ్ అనే రెల్లు వేణువు, కుదూమ్ అనే చిన్న జంట నగారాలు, తంబూర్, రబాబ్, కానూన్ అనే తంత్రీవాద్యాలు, గాయకబృందం ఉంటాయి. సెమా కోసం కూర్చిన సంగీత కృతిని ఆయిన్ అంటారు. ఒక్కొక్క ఆయిన్‌కు ఒక ప్రధాన మకామ్, అంటే మన రాగం లాంటిది, ఉంటుంది. 17వ శతాబ్దానికి చెందిన కొచెక్ ముస్తఫా దెదె బెయాతీ మకామ్‌లో కూర్చిన ఆయిన్‌తో మొదలుపెట్టి, పనులన్నీ పక్కన పెట్టి, రెండు మూడు సార్లు పూర్తిగా వినండి. మొదటిసారి నేయ్‌ను, రెండవసారి కుదూమ్‌ను మాత్రమే అనుసరించండి.

4. దుస్తులు, స్థలం: గుర్తుపట్టవలసినవి

సిక్కె: తేనెరంగు ఉన్నితో చేసిన పొడవైన టోపీ. అది నఫ్స్, అంటే అహం, సమాధిరాయి.
తెన్నూరె: చేతులు లేని తెల్లని దుస్తు, వెడల్పైన అంచు ఉంటుంది. అది అహానికి కప్పిన కఫన్, అంటే శవవస్త్రం.
హిర్కా: పైన కప్పుకొనే నల్లని అంగీ. అది సమాధి.
పోస్ట్: షేక్, అంటే గురువు, కూర్చునే ఎర్రని గొర్రెతోలు. ఆ స్థానంలో కూర్చునేవారిని పోస్ట్‌నిషీన్ అంటారు.

పోస్ట్ నుంచి ఎదురుగా ఉన్న ప్రవేశద్వారం దాకా కంటికి కనిపించని ఒక గీత ఉందని భావిస్తారు. సెమాజెన్‌లు, అంటే తిరిగే దర్వేషులు, దాన్ని తొక్కరు. మందిరంలోకి వెళ్లగానే ఎర్రని పోస్ట్ ఎక్కడుందో వెతికి, ఆ గీతను మనసులో గీసుకోండి. ఆ తరువాత కదలికలన్నీ అర్థవంతంగా కనిపించడం మొదలవుతుంది.

5. ప్రయాణం, కూర్చునే చోటు

అంకారా నుంచీ, ఇస్తాంబుల్ నుంచీ కొన్యాకు వేగవంతమైన రైళ్లున్నాయి. డిసెంబరులో కొన్యా రాత్రులు గడ్డకట్టే చలిలో ఉంటాయి కాబట్టి ఉన్ని దుస్తులు తప్పనిసరి. డిసెంబరు 7 నుంచి 17 వరకు టికెట్లు, హోటళ్లు ముందుగానే అయిపోతాయి. మొదటి వరుస కంటే నాలుగైదు వరుసల వెనుక, కొంచెం ఎత్తుగా, పోస్ట్ కనిపించే వైపు కూర్చోవడం మేలు. మరీ దగ్గరగా కూర్చుంటే ఒక్కొక్కరు కనిపిస్తారు గానీ మొత్తం అమరిక కనిపించదు.

☐ ఫోన్‌ను నిశ్శబ్దంలో ఉంచడం కాదు, ఆపివేయండి
☐ పావుగంట ముందే చోటులో కూర్చోండి
☐ చతుష్పదిని ఒకసారి మననం చేసుకోండి

6. క్రతువు క్రమం: ఏ దశలో ఏం గమనించాలి

6.1 నాత్. సెమాజెన్‌లు నల్లని హిర్కాలు కప్పుకొని నేల మీద కూర్చుని ఉంటారు. ఒక్క గాయకుడు, వాద్యాల తోడు లేకుండా, ప్రవక్తను స్తుతించే ఫారసీ గీతాన్ని పాడుతాడు. రాస్త్ మకామ్‌లో ఉన్న ఈ రచన సంగీతం ఒట్టోమన్ స్వరకర్త ఇత్రీది, సాహిత్యం రూమీదని సంప్రదాయం చెబుతుంది. ఏమీ జరగడం లేదనిపించే ఈ నిమిషాల్లో కళ్లు మూసుకుని వినడం ఉత్తమం.

6.2 కుదూమ్ దెబ్బ. నాత్ ముగియగానే వినిపించే నగారా దెబ్బలు, సృష్టికి మూలమైన "కున్", అంటే "అవుగాక" అనే దైవాజ్ఞకు ప్రతీకలు.

6.3 నేయ్ తక్సీమ్. తాళం లేకుండా సాగే మనోధర్మ వాదన ఇది, మన రాగాలాపన విన్న చెవికి వెంటనే ఒదుగుతుంది. ఆజ్ఞ తరువాత సృష్టిలోకి ప్రవేశించే ఊపిరిగా దీన్ని భావిస్తారు. మస్నవీ మొదటి ద్విపద ఇక్కడ గుర్తుకు రావాలి.

6.4 సుల్తాన్ వలద్ పరిభ్రమణం. తాళంతో కూడిన వాద్యకృతి మొదలవగానే షేక్, సెమాజెన్‌లు అరచేతులతో నేలను బలంగా చరచి లేస్తారు. ఆ చప్పుడు మందిరమంతా వినిపిస్తుంది. తరువాత అపసవ్య దిశలో మెల్లగా నడుస్తూ మందిరాన్ని మూడుసార్లు చుడతారు. రూమీ కుమారుడు సుల్తాన్ వలద్ పేరుతో పిలిచే ఈ నడకలో పోస్ట్ దగ్గర జరిగేదాన్ని తప్పక గమనించండి. అక్కడికి చేరిన సెమాజెన్ పోస్ట్‌కు వీపు చూపకుండా దాటి, వెనక్కి తిరిగి, తన వెనుక వస్తున్న వ్యక్తికి ఎదురుగా నిలుస్తాడు. ఇద్దరూ ఒకరి కనుబొమల నడుమ ఒకరు చూసుకుని, చేయి గుండెపై ఉంచి, ఒకేసారి తల వంచుతారు. అది తోటి మనిషికి చేసే వందనం కాదు, అతనిలోని ఆత్మకు చేసే వందనం. క్రతువు మొత్తంలో నన్ను అన్నింటికంటే ఎక్కువగా కదిలించేది తిరగడం కాదు, ఈ రెప్పపాటు నమస్కారమే.

6.5 హిర్కా విడవడం. మూడు చుట్లు పూర్తయ్యాక సెమాజెన్‌లు నల్లని అంగీలను భుజాల మీద నుంచి జారవిడుస్తారు. చేతులు ఛాతీ మీద అడ్డంగా ఉండి, వేళ్లు ఎదుటి భుజాలను పట్టుకుని ఉంటాయి. కుడి కాలి బొటనవేలు ఎడమ కాలి బొటనవేలి మీద ఉంటుంది. దేవుని ఏకత్వానికి సాక్ష్యంగా నిలిచిన అలిఫ్ అనే అరబీ మొదటి అక్షరపు రూపం అది. ఒక్కొక్కరూ షేక్ చేతిని ముద్దాడితే, షేక్ వారి సిక్కెను ముద్దాడి అనుమతి ఇస్తారు. అక్కడి నుంచి రెండు మూడు అడుగులు వేసి తిరగడం మొదలుపెడతారు. చేతులు నడుము మీదుగా జారి, ఛాతీ పక్కగా పైకి లేచి, నెమ్మదిగా విచ్చుకుంటాయి. కుడి అరచేయి ఆకాశం వైపు, ఎడమ అరచేయి నేల వైపు ఉంటుంది. దైవం నుంచి అందుకున్నదాన్ని తనకేమీ మిగుల్చుకోకుండా జనానికి అందించడం దాని భావం.

6.6 నాలుగు సెలామ్‌లు. ప్రతి సెలామ్ మధ్యా తిరగడం ఆగుతుంది. ఆగిన క్షణాన్ని చూడండి. తిరుగుతున్న మనిషి ఒక్కసారిగా నిలిచినా తెన్నూరె అంచు మరికొంత చుట్టుకుని, కాళ్లకు అంటుకుని, అప్పుడు విడిపోయి కిందికి వాలుతుంది. ఆ తెన్నూరె కుదుటపడేలోగా చేతులు మళ్లీ భుజాలపైకి చేరి ఉంటాయి.

మీ దృష్టిని ఇలా పంచుకోమని నా సలహా.

మొదటి సెలామ్: మనిషి తన సృష్టికర్తను, తన దాసత్వాన్ని గుర్తించడం. సాధారణంగా 14 మాత్రల తాళం. ఒకే సెమాజెన్‌ను ఎంచుకుని అతని పాదాలను మాత్రమే చూడండి. ఎడమ పాదం స్తంభంలా నేలను విడవదు, కుడి పాదం చక్రంలా చుట్టూ తిరిగి వస్తుంది.

రెండవ సెలామ్: సృష్టిలోని మహిమను చూసి విస్మయం చెందడం. 9 మాత్రల తాళం. చూపు దించి, "సుల్తానె మనీ" కోసం వినండి.

మూడవ సెలామ్: విస్మయం ప్రేమగా మారి, ఆ ప్రేమలో తాను లేకుండా పోవడం. ఇదే అన్నింటికంటే పొడవైనది. 28 మాత్రల పెద్ద తాళంతో మొదలై, చివరకు వేగమైన 6 మాత్రల నడకకు చేరుతుంది. ఇక్కడ మొత్తం మందిరాన్ని చూడండి. తిరగకుండా, నల్లని హిర్కాతోనే సెమాజెన్‌ల మధ్య నడిచే వ్యక్తి సెమాజెన్‌బాషీ, అంటే వారి నాయకుడు. ఎవరు లోపలి వలయంలోకి రావాలో, ఎవరు అంచున ఉండాలో ఆయన చూపుతోనూ, పాదం ఉంచే తీరుతోనూ సూచిస్తారు.

నాలుగవ సెలామ్: పొందినదానితో తిరిగి దాసత్వానికి, మనుషుల మధ్యకు రావడం. మళ్లీ 9 మాత్రలు, మళ్లీ అదే చతుష్పది. సెమాజెన్‌లు స్థానం మారకుండా ఉన్నచోటనే తిరుగుతారు. షేక్ హిర్కా విప్పకుండానే, చాలా నిదానంగా తిరుగుతూ మధ్యకు వస్తారు. ఇప్పుడు చూపు ఆయన మీద ఉండాలి. ప్రేమలో కరిగిపోవడంతో క్రతువు ముగియదు, సేవకుడిగా తిరిగి రావడం దాని లక్ష్యం. ఈ ఒక్క సంగతి తెలియక చాలామంది మూడవ సెలామ్ తరువాత ఆసక్తి కోల్పోతారు.

6.7 పఠనం, ప్రార్థన. ఖురాన్ పఠనం మొదలవగానే తిరగడం ఆగిపోతుంది. సెమాజెన్‌లు మళ్లీ హిర్కాలు కప్పుకొని కూర్చుంటారు. తూర్పూ పడమరా దేవునివే, మీరు ఎటు తిరిగినా దేవుని ముఖమే ఉంది అనే భావం గల బఖరా అధ్యాయపు 115వ వాక్యాన్ని ఎక్కువగా చదువుతారు. ఖురాన్ మొదటి అధ్యాయమైన ఫాతిహా, ప్రార్థన తరువాత అందరూ కలిసి "హూ" అని దీర్ఘంగా పలుకుతారు. షేక్ సలాము చెప్పి నిష్క్రమిస్తారు.

7. తరచుగా జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

చప్పట్లు కొట్టడం. సెలామ్‌ల మధ్య విరామం ప్రదర్శనలో విరామం కాదు. పక్కవారు కొట్టినా మీరు చేతులు ఒడిలో ఉంచుకోండి, చివర్లోనూ అంతే.

ఫోన్‌లో చిత్రీకరిస్తూ చూడటం. చిత్రం తప్పనిసరి అనుకుంటే, నిర్వాహకులు అనుమతించిన చోట, నడక దశలో ఒకటి తీసి ఫోన్ లోపల పెట్టండి. ఫ్లాష్ ఎప్పుడూ వద్దు.

సెమాజెన్ స్పృహ కోల్పోయి తిరుగుతున్నాడనుకోవడం. ఇరవై మంది చేతులు చాచి తిరుగుతున్నా ఒకరి తెన్నూరె మరొకరికి తగలకపోవడం చూడండి. ప్రతి చుట్టుకూ లోలోపల దైవనామం స్మరిస్తూ, తాళం వింటూ, స్థానాన్ని ఎరిగి తిరిగే మెలకువ అది.

నాత్ అయ్యాక వెళ్లినా చాలనుకోవడం. ఆలస్యమైతే నడక దశ ముగిసేదాకా బయటే ఆగి, సిబ్బంది చెప్పినప్పుడు లోపలికి వెళ్లండి.

8. ఇంట్లో తిరగడం అభ్యసించాలనుకునేవారికి

గురువు లేకుండా నేర్చుకున్నది సెమా కాదు, తిరగడంలో ప్రాథమిక కసరత్తు మాత్రమే. మెవ్లెవీ ఆశ్రమాల్లో సాధకుడు 1001 రోజుల శిక్షణలో వంటశాల సేవ చేస్తూ దీన్ని నేర్చుకునేవాడు. నేలపై చెక్క పలక వేసి, దానికి బిగించిన నున్నని మేకును ఎడమ కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఉంచుకుని, రాపిడి తగ్గడానికి ఉప్పు చల్లుకుని తిరిగేవారు. మేకు ప్రయోగం మీరు చేయకండి. అందులోని సూత్రం మాత్రం తీసుకోండి: ఎడమ పాదం చోటు మారకూడదు.

తల తిరిగే జబ్బు, చెవి లోపలి సమస్య, రక్తపోటు, మూర్ఛ ఉన్నవారు, గర్భిణులు ఈ అభ్యాసం చేయకూడదు.

☐ భోజనం చేసి కనీసం రెండు గంటలు గడిచి ఉండాలి
☐ చుట్టూ రెండు మీటర్ల మేర ఏ వస్తువూ ఉండకూడదు
☐ నేల నునుపుగా ఉండాలి, పలుచని సాక్స్ వేసుకోవాలి
☐ పక్కన మరొకరు ఉండాలి

మొదటి దశ: చేతులు భుజాలపై అడ్డంగా ఉంచి నిలబడండి. బరువంతా ఎడమ కాలిపై వేసి, మోకాలు వంచకుండా, కుడి పాదాన్ని ఎత్తి ఎడమ పాదం ముందుగా తెచ్చి, పావు చుట్టు ఎడమవైపు తిరిగి ఆనించండి. నాలుగు అడుగులకు ఒక చుట్టు పూర్తవుతుంది. ఇలా రెండు నిమిషాలు చాలు.

రెండవ దశ: వారం తరువాత అర చుట్టు. అది స్థిరపడ్డాకే ఒక్క అడుగుకు పూర్తి చుట్టు ప్రయత్నించండి.

మూడవ దశ: చేతులు విప్పడం. తల కొద్దిగా కుడికి వాల్చి, చూపును ఎడమ చేతి మీద మృదువుగా నిలపండి. కథక్ చక్కర్లు నేర్చినవారికి ఇక్కడ పాత అలవాటు అడ్డు వస్తుంది. ఎదుట ఒక బిందువుపై చూపు నిలిపి తలను చివర్లో తిప్పే పద్ధతి సెమాలో ఉండదు, తలా మొండెమూ కలిసే తిరుగుతాయి. గోడలు కనిపిస్తే కనిపించనివ్వండి, వాటిని చూడకండి.

ఆగే పద్ధతిని తిరిగే పద్ధతి కంటే శ్రద్ధగా నేర్చుకోవాలి. చెవి లోపలి ద్రవం శరీరం ఆగిన తరువాత కూడా కొంతసేపు కదులుతూనే ఉంటుంది, అందుకే గది తిరుగుతున్నట్లు అనిపిస్తుంది. నాలుగైదు చుట్లలో వేగం తగ్గించి, చేతులు భుజాలపైకి తెచ్చి, కుడి బొటనవేలిని ఎడమ బొటనవేలిపై ఉంచి నిలవండి. చూపును ఎదుట ఒకచోట ఉంచి ఇరవై శ్వాసలు లెక్కించండి. వికారం అనిపిస్తే వెంటనే మోకాళ్లపై కూర్చుని నుదుటిని నేలకు ఆనించండి. ఆ రోజుకు మళ్లీ లేచి తిరగవద్దు. మరుసటి రోజు కూడా తల తేలికగా, అస్థిరంగా ఉంటే అభ్యాసం ఆపి వైద్యుణ్ని సంప్రదించండి.